ఆవులు వదులుకున్న గడ్డి

బోట్స్వానా రాజధాని గాబరోన్ నుంచి సెరోవే మూడు వందల కిలోమీటర్ల పైమాటే. రోడ్డు తిన్నగా, నున్నగా ఉంటుంది గానీ వేగంగా పోవడానికి వీల్లేదు. ఎక్కడ పడితే అక్కడ ఆవులు, మేకలు, గాడిద బండ్లు. మకర రేఖ బోర్డు దగ్గర అందరిలాగే మేమూ ఆగి ఫొటో దిగాం. దారిలో పశువుల తనిఖీ గేటు ఒకటి వచ్చింది. కారు దిగి, మందునీళ్లలో నానిన పట్టా మీద చెప్పులు తుడిచి, డిక్కీ తెరిచి పచ్చి మాంసం లేదని చూపించాలి. గాలికుంటు వ్యాధి ఒక చోటి నుంచి మరో చోటికి పాకకుండా ఈ జాగ్రత్తలన్నీ.

‘‘ఇక్కడ వజ్రాల తర్వాత పశువులే బావగారూ’’ అన్నాడు మా బావమరిది. గాబరోన్‌లో ఎకౌంటెంటు. యూరప్‌కు గొడ్డుమాంసం ఎగుమతి చేసే దేశం కాబట్టి, అతను అలా అనడంలో వింత లేదు.

సెరోవే బంగ్వాటో తెగవారి రాజధాని. దేశానికి తొలి అధ్యక్షుడైన సెరెట్సే ఖామా సమాధి ఇక్కడి కొండ మీదే ఉంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన రచయిత్రి బెస్సీ హెడ్ 1986లో చనిపోయిందీ ఈ ఊళ్లోనే. అక్కడి నుంచి ఒరాపా వజ్రాల గనుల దారిలో పాతిక కిలోమీటర్లు పోతే ఖామా ఖడ్గమృగాల అభయారణ్యం వస్తుంది. దీన్ని ప్రభుత్వం నడపడం లేదు. సెరోవే, పాజే, మబెలేఅపుడి ఊళ్లవాళ్ల ట్రస్టు నడుపుతోంది.

బోట్స్వానాలో తెల్ల ఖడ్గమృగాలు పంతొమ్మిదో శతాబ్దం చివరికే తుడిచిపెట్టుకుపోయాయి. 1960ల చివర నుంచి దక్షిణాఫ్రికా నుంచి తెచ్చి వదిలితే, కొమ్ముల కోసం వాటినీ చంపారు. మిగిలిన కొన్నింటినైనా కాపాడదామని 1992లో సెరోవే వాళ్లు ముందుకొచ్చారు. వాళ్లు ఇచ్చింది పనికిరాని నేల కాదు. సెర్వే పాన్ అనే ఆ పెద్ద పల్లపు మైదానంలో నీటి గుంటలున్నాయి, చుట్టూ కలహారి ఇసుక నేలలో దొరకని గడ్డి ఉంది. అంతకుముందు అక్కడ పశువులు మేసేవి. పశువే ఆస్తి అయిన చోట నీళ్లూ గడ్డీ వదులుకోవడమంటే ఏమిటో, వేసవిలో గొడ్లను మేపిన ఇళ్లవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం గైడు జీపులో తిప్పింది. ముందు చూపించింది ఖడ్గమృగాన్ని కాదు, పేడకుప్పను. ఇవి ఒకే చోట పేడ వేస్తాయి, మగది వెనక కాళ్లతో దాన్ని చిమ్ముతుంది. ఆమె ఒక ఎండిన ముద్దను వేళ్లతో చిదిమింది. అంతా మెత్తటి గడ్డి పీచు. అంటే తెల్ల ఖడ్గమృగానిది. ఇంకో కుప్ప చిదిమితే పుల్లలు రాలాయి, ప్రతి పుల్ల కొసా కత్తెరతో ఏటవాలుగా కోసినట్టు ఉంది. అది నల్ల ఖడ్గమృగానిది. ఒంటి రంగులో రెండు జాతులూ బూడిదే. తెల్లదానికి గడ్డి కొరకడానికి వెడల్పాటి మూతి, నల్లదానికి కొమ్మలు అందుకోవడానికి కొక్కెంలాంటి పైపెదవి.

పొద్దు వాలే వేళకు తెల్ల ఖడ్గమృగాలు మైదానంలోకి వచ్చాయి. ఇంజను ఆపేస్తే గడ్డి తెగుతున్న పరపర శబ్దం వినిపించింది. మమ్మల్ని సరిగా చూడలేవు గానీ, చెవులు మాత్రం ఒక్కోటీ ఒక్కో దిక్కుకు తిరుగుతూ ఉన్నాయి. ఎందుకో బెదిరి ఒక తల్లి కదిలింది. దూడ ముందు పరుగెత్తింది, తల్లి దాని వెనకే. నల్లవాటిలో తల్లే ముందుంటుందట, పొదలు చీల్చుకుంటూ పోవాలి కదా.

ఇక్కడ సింహాలు లేవు, ఏనుగులు లేవు. 8,000 హెక్టార్ల పైచిలుకు నేల చుట్టూ కరెంటు కంచె, గస్తీ తిరగడానికి తోడుగా సైనికులు. ‘జంతు ప్రదర్శనశాలలాగుంది’ అని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. నాకలా అనిపించలేదు. ఇది అడవి కాదు, నారుమడి. ఇక్కడ పెరిగినవాటిని ఒకవాంగో ప్రాంతానికి తీసుకెళ్లి వదిలారు. 2018 తర్వాత అక్కడ వేటగాళ్లు మళ్లీ రెచ్చిపోయి పెద్ద సంఖ్యలో చంపేశారు. ఆ లెక్కన కంచెను వెక్కిరించే హక్కు మనకు లేదు. నన్నడిగితే అసలు చిక్కు మరోటి. ట్రస్టు బతికేది పర్యాటకుల డబ్బు మీద. కరోనా లాంటిది వచ్చి దారులు మూసుకుపోతే రాబడి ఆగుతుంది గానీ గస్తీ ఖర్చు ఆగదు. ఖడ్గమృగం వల్ల ఊరికి నాలుగు ఉద్యోగాలైనా దక్కకపోతే, వదులుకున్న గడ్డి గుర్తుకు రాకమానదు.

బోట్స్వానా వెళ్లే తెలుగువాళ్లు చాలామంది చోబే జాతీయ పార్కుకూ విక్టోరియా జలపాతానికీ పోయి వచ్చేస్తారు. ఈసారి దారిలో ఇక్కడా ఆగండి. మే నుంచి అక్టోబరు దాకా గడ్డి ఎండి జంతువులు బాగా కనిపిస్తాయి. జూన్, జులై రాత్రులు గజగజలాడిస్తాయి, స్వెటరు మరిచిపోవద్దు. గంటలో చూసి పోకుండా లోపలి కుటీరాల్లోనే ఒక రాత్రి ఉండండి. ఆ అద్దె ట్రస్టుకే వెళుతుంది.