ఆగడం కూడా ప్రమాదమే

ఆమధ్య వేరే ఊరి నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. రెండేళ్ల పరిశోధక పదవి. "పాప ఇంకాస్త పెద్దదవనీ, తొందరేముంది?" అన్నారు అత్తయ్య. అమ్మ కూడా ఆ మాటే అంది. ఐదేళ్ల క్రితం ఇలాంటి ఉత్తరానికే "తర్వాత చూద్దాం" అని జవాబు రాసినదాన్ని నేను. ఆ 'తర్వాత' మళ్లీ రావడానికి ఐదేళ్లు పట్టింది.

అప్పుడు నేను పర్వతారోహకుల యాత్రాకథనాల మీద పని చేస్తున్నాను. 1960లో ఒక స్విస్ బృందం నేపాల్‌లోని ధవళగిరి ఎక్కడానికి 'యేతి' అనే చిన్న పిలాటస్ పోర్టర్ విమానాన్ని వెంట తీసుకెళ్లింది. స్కీలు బిగించిన ఆ విమానం మనుషుల్నీ సామాన్లనీ సుమారు 5,700 మీటర్ల ఎత్తున మంచు మీద దింపింది.

దిగడం కంటే లేవడమే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉన్నదాంట్లో సగమే. ఇంజను శక్తి, ప్రొపెల్లరు లాగే బలం, రెక్కలు ఎత్తే బలం, మూడూ తగ్గుతాయి. అందుకే దిగేటప్పుడు వాలు ఎక్కుతూ దిగుతారు, లేచేటప్పుడు వాలు వెంట కిందికి పరుగెత్తిస్తారు. స్కీలకు బ్రేకులుండవు. కొంత దూరం పోయాక ఇక మనసు మార్చుకోవడానికి వీలుండదు.

మరి ఆగితే క్షేమమా? కాదు. నిలిపి ఉంచిన స్కీలు మంచుకు అతుక్కుపోతాయి. తెల్లవారుజామున గట్టిగా ఉన్న మంచు ఎండెక్కేసరికి మెత్తబడి వాటిని పట్టేస్తుంది. మబ్బు కమ్మితే నేలా ఆకాశం ఒకటే తెలుపైపోయి, వాలు ఎక్కడ తెగిందో కంటికి ఆనదు. పైలట్ లెక్కలో వేచి ఉండటానికీ ఒక ధర ఉంటుంది. మన ఇళ్లలో స్త్రీలకు చెప్పే "ఆగు"కి మాత్రం ఆ ధర ఎవరూ కట్టరు.

అయితే, "తెగించి దూకెయ్" అనే మాట కూడా నాకు నచ్చదు. ఆ మే నెలలో ఒక కనుమ నుంచి లేస్తుండగా కంట్రోల్ స్టిక్ పిడి పైలట్ చేతిలోకి ఊడొచ్చింది. యేతి కూలింది. ఇద్దరు పైలట్లూ బతికి, నడిచి కిందికి దిగారు. వాళ్లకు ధైర్యమూ నేర్పూ తక్కువై జరిగింది కాదది.

మరీ మార్వాంగ్ అనే ఫ్రెంచి స్త్రీ (1875–1963) గుర్తొస్తుంది. విమానం నడిపింది, కొండలెక్కింది, విమాన అంబులెన్సుల కోసం ఏళ్ల తరబడి ప్రచారం చేసింది. విమానాలకు లోహపు స్కీలు కూడా రూపొందించింది. సాహసికురాలని ఆమెను పొగిడేవాళ్లు ఆ స్కీల సంగతి తలచుకోవడం తక్కువ. నాకు మాత్రం అదే ముఖ్యం. ఆమె ధైర్యంతో సరిపెట్టుకోలేదు, కాళ్ల కింద ఏముండాలో కూడా ఆలోచించింది.

ఈసారి ఉత్తరానికి "వస్తాను" అని రాశాను. దానితోపాటు మూడు ప్రశ్నలూ రాశాను: పాపను ఉంచడానికి శిశు సంరక్షణ కేంద్రం ఉందా, క్వార్టర్స్ ఇస్తారా, జీతం నెలనెలా అందుతుందా? "చేరకముందే ఇన్ని షరతులా?" అని ఫోనులో నవ్వారొకాయన.

షరతులు కావండీ అన్నాను. పిడి గట్టిగా ఉందో లేదో చూసుకుంటున్నాను.