నలుగురిలో సంగీతం

మన ఆడవాళ్ళకి "నలుగురూ ఏమనుకుంటారు?" అన్న మాట ఉగ్గుపాలతోనే పోస్తారు. గట్టిగా నవ్వితే నలుగురూ, వీధిలో పరిగెడితే నలుగురూ! ఆ నలుగురూ ఎవరో నాకింతవరకూ కనపళ్ళేదు గాని, నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరు వింటే ఎంత బాగుంటుందో మాత్రం సంగీతంలో కనిపించింది.

పాశ్చాత్యులకి ఓ పద్ధతుంది. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. అంతే, నలుగురే. ముందు నిలబడి చేతులూపే పెద్దమనిషి ఉండడు. ఒకరి కమాను ఒకరు కనిపెట్టుకుంటూ, కళ్ళతోనే పలకరించుకుంటూ వాయిస్తారు. ఆస్ట్రియా దేశపు హేడన్ (1732-1809) ఈ నలుగురి కోసమే 68 రచనలు చేశాడు. దీన్ని వాళ్ళు గది సంగీతం అంటారు. ఇంట్లో పదిమంది దగ్గరగా కూర్చుని వినడానికి పుట్టింది మరి.

మనకి మాత్రం లేదా ఏమిటి? పాట, వయొలిన్, మృదంగం, ఘటం. వయొలిన్ వాళ్ళదేననుకోండి. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) మద్రాసులో నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో పడేసరికి అది అచ్చంగా తెలుగింటి కోడలైపోయింది. బాలమురళీకృష్ణగారైతే వయోలా కూడా వాయించేవారు. తేడా ఒక్కటే. వాళ్ళు రాసిందంతా ఎదురుగా పెట్టుకుని వాయిస్తారు. మనవాళ్ళు ఒక్కోసారి వేదిక మీదే మొదటిసారి కలుసుకుంటారు. అయినా కచేరీ నడిచిపోతుంది!

అమీర్‌పేటలో సంగీతమా అని నవ్వకండి. నిజమే, మా వీధిలో తలెత్తితే కోచింగ్ సెంటర్ల బోర్డులే. కచేరీ వినాలంటే రవీంద్రభారతికో, చిక్కడపల్లి గానసభకో వెళ్ళడమే. అందుకే మా పక్కింటి వదినగారు శ్రీరామనవమికి వాళ్ళ హాల్లోనే కచేరీ పెట్టిస్తే ఎగిరి గంతేశాను.

ఆవిడ కూతురు ఎనిమిదేళ్ళుగా మృదంగం నేర్చుకుంటోంది. వదినగారికి అదొక దిగులు. "వీణైతే చెప్పుకోడానికి బాగుండేది. ఉప్మాకని తెచ్చిన బొంబాయిరవ్వంతా ముద్దచేసి ఆ ఎడమ మూతికి అంటిస్తుంది. పెళ్ళివాళ్ళ దగ్గర ఈ మాట ఎత్తకండి వదినగారూ" అనేది. మృదంగం పట్టిన దండమూడి సుమతీ రామమోహనరావుగారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు కదా అంటే, "పద్మశ్రీలకేం, పెళ్ళిచూపుల్లో అడిగేది ఆవకాయ పెట్టడం వచ్చా అనే" అని నా నోరు మూయించేది.

ఆ సాయంత్రం గాయనీ వచ్చింది, వయొలిన్ ఆవిడా వచ్చింది, ఘటం పెద్దాయనా వచ్చారు. మృదంగం ఆయన మాత్రం పంజగుట్ట చౌరస్తాలో ఇరుక్కుపోయాడు. ముప్పావుగంట చూశాక గాయని పిల్లని పిలిచి, "కూర్చోమ్మా, భయపడకు" అంది. వదినగారి మొహం చూడాలి!

మైకు లేదు. చేయి చాస్తే అందేంత దూరంలో నలుగురూ. గాయని రాగం ఎటు తిప్పబోతోందో వయొలిన్ ఆవిడ చెవులు రిక్కించి పట్టుకుని, ఆ మాటే మళ్ళీ తన మాటగా చెప్పేది. తని ఆవర్తనం వచ్చింది. తని అంటే జనం కాఫీకి లేచే సమయం, మీకు తెలియంది కాదు. కాని ఆ రోజు ఎవరూ లేవలేదు. పిల్ల ఒక లెక్క వేస్తే పెద్దాయన ఘటం మీద దానికి జవాబు చెప్పారు. వంతులు రానురాను చిన్నవై, కబుర్లాడుకున్నట్టే ఉంది. ఒకచోట పిల్ల కాస్త తడబడితే, గాయని తాళం వేసే చేతిని ఆమెకి కనపడేలా పైకెత్తింది. అంతే, దారి దొరికింది. ఇద్దరూ కలిసి ముక్తాయింపు వాయించి పాటని ఎత్తుగడ దగ్గర సరిగ్గా దింపారు. వదినగారు కాఫీ ట్రేతో గుమ్మంలోనే నిలబడిపోయింది. కాఫీలన్నీ చల్లారిపోయాయి.

పదిహేను రోజులకి పెళ్ళివారొచ్చారు. "అమ్మాయికి సంగీతమేమైనా వచ్చా?" అన్నారు. నేను నోరు నొక్కుకుని కూర్చున్నాను. వదినగారే, లడ్డూల పళ్ళెం కింద పెట్టకుండానే, "మృదంగం వాయిస్తుందండీ. వింటారా?" అంది.

సంబంధం సంగతి ఇంకా తేలలేదు. బొంబాయిరవ్వ మాత్రం నెలకి అరకిలో ఎక్కువ తెప్పిస్తోంది.