మొదలు గోండిల, తర్వాత ఇంగ్లిష్‌ల



ఎండాకాలం సెలవుల్ల మేము నలుగురం బెల్లంపల్లి నుంచి తిర్యాణి దిక్కు ఒక గోండు గూడేనికి పోయి వారం రోజులు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పినం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, రాత్రయితే రేపటి చార్టులు గీసుడు. తీరికే లేదు.

మన పిల్లలకు ఇంట్ల గోండి, బడిల తెలుగు, పుస్తకంల ఇంగ్లిష్. ఇంగ్లిష్ మాటకు తెలుగుల అర్థం చెప్తే చిన్నపిల్లలకు రెండూ కొత్తయే. అందుకే ముందు ఉండి, రండ్, మూండ్ అని లెక్కపెట్టించి, తర్వాత వన్, టూ, త్రీ చెప్పినం. నీళ్లు చూపెట్టి మొదలు యేర్, తర్వాత వాటర్. మూడో రోజుకు నోరు మెదపని పిల్లలే మా గోండిని దిద్దుడు మొదలుపెట్టిండ్రు.

ఇది కొత్త పద్ధతి కాదు. 1943లోనే మార్లవాయిల హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు తయారైనయి. ఎనభై ఏండ్ల కిందటి తొవ్వ అది.

ఇంగ్లిష్ కావాలె. అది రాక ఇంటర్వ్యూల నుంచి వెనక్కి వచ్చినోళ్లు మనల చానామంది. కానీ వారం సరిపోదు. సెలవులకు ఊరికి పోయినోళ్లు రోజుకొక గంట పిల్లలతోని కూసోండ్రి. గోండి వస్తే గోండిల, కోలామి వస్తే కోలామిల చెప్పుండ్రి. మన భాష తెలిసిన సారు వచ్చేదాకా పిల్లల వయసు ఆగది.