ట్రిగ్గర్ నొక్కాక మొదలయ్యే పని

పొద్దున ఏడున్నరకి నా ఎదురుగా ఒక ఆడ ఎల్క్ నిలబడింది. దూరం 180 మీటర్లు. గాలి దాని వైపు నుంచి నా వైపుకి వీస్తోంది కాబట్టి నేనున్నట్టు దానికి తెలియదు. జేబులో లైసెన్స్ ఉంది, చేతిలో రైఫిల్ ఉంది. అయినా నేను కాల్చలేదు.

ఎందుకంటే అది లోయ అడుగున ఉంది. అక్కడి నుంచి పైకి రావాలంటే చేతులు కూడా నేలకి ఆనించి పాకాల్సిందే. నేనేమో ఒక్కణ్ని. దాని బరువు 200 కిలోలకి పైనే. దాన్ని ముక్కలు చేసి, చెడిపోకముందే మోసుకురాగలనా? లేనని తెలిసింది. రైఫిల్ దించేశాను.

రెండేళ్ల కిందట అయితే కాల్చేవాణ్ని. ఆ సంగతి తర్వాత చెప్తాను.

డెన్వర్ నుంచి నాలుగు గంటలు

మాది నాగర్‌కర్నూల్ జిల్లా, అచ్చంపేట పక్కన చిన్న ఊరు. ఉద్యోగం కోసం అమెరికా వచ్చి కొలరాడోలో స్థిరపడ్డాను. ఇక్కడ శరదృతువు వస్తే ఆఫీసులో సగం మంది వేట గురించే మాట్లాడతారు. అమెరికాలో ఎల్క్‌లు అన్నిటికంటే ఎక్కువగా ఉన్న రాష్ట్రం ఇదే. రెండున్నర లక్షలకి పైనే ఉంటాయి.

డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరగా వెళ్తే, 11,000 అడుగుల ఎత్తులో కొండని తొలిచిన ఐసెన్‌హోవర్ టన్నెల్ వస్తుంది. అది దాటి, గ్లెన్‌వుడ్ కాన్యన్ గోడల మధ్య నుంచి బయటపడ్డాక ఒక ఊరు. దాని పేరే ‘రైఫిల్’! అక్కడ ఉత్తరానికి తిరిగితే మీకర్ అనే చిన్న పట్టణం. దాని వెనకే ఫ్లాట్ టాప్స్ కొండలు. పేరుకి తగ్గట్టు పైన బల్లపరుపుగా ఉంటాయి. వాటి మీద స్ప్రూస్ చెట్లు, ఆకు రాల్చేసిన ఆస్పెన్ చెట్ల తెల్లటి మోళ్లు.

ఇవి ఒకప్పుడు యూట్ తెగవాళ్ల వేట నేలలు. 1879లో ఇక్కడ జరిగిన ఘర్షణలో ప్రభుత్వ ఏజెంట్ నేథన్ మీకర్ చనిపోయాడు. 1881లో యూట్‌లని ఇక్కడి నుంచి యూటా రాష్ట్రానికి వెళ్లగొట్టారు. ఊరికి మాత్రం మీకర్ పేరు మిగిలింది. ఇప్పుడు అదే నేల మీద మాలాంటి వాళ్లం లైసెన్స్ కొనుక్కుని వేటాడుతున్నాం.

ఎల్క్ అంటే మన నల్లమలలో తిరిగే కణుజుకి చుట్టం అనుకోండి. షానీ తెగవాళ్లు దీన్ని ‘వాపిటి’ అన్నారు. తెల్లటి పిరుదులున్నది అని అర్థం.

ఒక్క మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇక్కడ కూడా ఇష్టం వచ్చినట్టు కాల్చడానికి లేదు. నాలాంటి వాళ్లు ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పాసవ్వాలి. నాకు దొరికిన ఆడ ఎల్క్ లైసెన్స్ కోసం ఏప్రిల్‌లోనే లాటరీకి అప్లై చేయాలి. ఒంటి మీద మెరిసే నారింజ లేదా గులాబీ రంగు చొక్కా, టోపీ ఉండాలి. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేసి వస్తే అదీ నేరమే.

రెండేళ్ల కిందటి తప్పు

మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పుడు సాయంత్రం చీకటి పడే వేళకి ఒక ఎల్క్‌ని కొట్టాను. పొట్ట కోసి పేగులు తీసేసరికి రాత్రయింది. ఒక్కణ్నే, భయమేసింది. ‘చలి సున్నా కంటే తక్కువ ఉంది కదా, ఫ్రిజ్‌లో పెట్టినట్టే, పొద్దున వచ్చి మిగతాది చూద్దాం’ అనుకుని తోలు ఒలవకుండానే వదిలేసి వెళ్లిపోయాను.

చలికాలానికి ఎల్క్ ఒంటి మీద దట్టమైన బొచ్చు వస్తుంది. అది బయటి చలిని లోపలికి రానివ్వదు, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. దానికి తోడు వెనక తొడ కండ మందం. అన్నిటికంటే ఆలస్యంగా చల్లారేది తొడ ఎముక చుట్టూ ఉండే మాంసమే. పొద్దున కోసి చూస్తే నేలకి ఆనిన వైపు తొడ కీలు దగ్గర ఆకుపచ్చ రంగు, పుల్లటి కంపు. పాతిక కిలోల తొడ పారేయాల్సి వచ్చింది.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి చెప్పాను. అమ్మ తిట్టలేదు. “పానం తీసినవు కదా బిడ్డా. తినేటిది పారేస్తే ఎట్ల?” అని ఊరుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాతి ఏడాది లైసెన్స్‌కి అప్లై చేయలేదు. ఆ ఏడాదంతా వీడియోలు చూశాను, తెలిసినవాళ్లని అడిగాను. ఊరికి ఫోన్ చేసి పెద్దనాయనని కూడా అడిగాను. మా ఊళ్లో పండగలకి యాట కోసేది ఆయనే. ఎల్క్ అంటే ఏంటో ఆయనకి తెలియదు. కానీ ఆయన చెప్పిన రెండు మాటలు వీడియోల కంటే బాగా గుర్తున్నాయి. “తోలుకు కత్తి తక్కువ, పిడికిలి ఎక్కువ. పేగుకు కత్తి తగిలిందా, కూరంతా ఖరాబు.”

అయిదింటికి తుపాకీ, పదింటి దాకా కత్తి

పొద్దున లోయలో వదిలేసిన రోజు సాయంత్రమే, అయిదింటికి, ఇంకో ఎల్క్ కనబడింది. ఈసారి చదునైన గడ్డి మైదానం అంచున. నా ట్రక్కుకి రెండున్నర కిలోమీటర్లు, దారంతా నడవగలిగేదే. కొట్టాను. నలభై అడుగులు నడిచి పడిపోయింది.

వెంటనే పరుగెత్తకూడదు. ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తర్వాత వెనక వైపు నుంచి వెళ్లి పొడుగాటి కర్రతో కంటిని తాకాను. రెప్ప కదల్లేదు. టోపీ తీసి కాసేపు పక్కన నిలబడ్డాను. ఏం అనుకోవాలో తెలియలేదు. లైసెన్స్ ట్యాగ్ చింపి, తేదీ వేసి సంతకం పెట్టాను. ఫోన్‌కి సిగ్నల్ లేదు. శాటిలైట్ మెసెంజర్‌లో నా భార్యకి మెసేజ్ పంపాను: ‘పని మొదలు. పది దాటితే మళ్లీ చెప్తా.’

ఒంటరిగా ఉన్నప్పుడు ఇంత పెద్ద జంతువుని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట కోయడం చాలా కష్టం. కాళ్లు పట్టుకునేవాళ్లు ఉండరు. అందుకే ఈసారి పొట్ట తెరవకుండా మాంసం తీసే పద్ధతి పట్టాను. ఇక్కడివాళ్లు దీన్ని ‘గట్‌లెస్ మెథడ్’ అంటారు.

జంతువు పక్కకి పడుకుని ఉండగానే మెడ నుంచి తోక దాకా వెన్ను వెంబడి తోలు చీల్చాలి. కత్తి మొన తోలు కింద దూర్చి, అంచు పైకి ఉండేలా కోస్తే వెంట్రుకలు తెగి మాంసానికి అంటుకోవు, కత్తి పదునూ పోదు. అక్కడి నుంచి పొట్ట వైపుకి తోలు ఒలవాలి. పెద్దనాయన మాట గుర్తొచ్చింది. కత్తి పక్కన పెట్టి, తోలుకీ కండకీ మధ్య పిడికిలి దూర్చి నెట్టాను. పాతబడిన స్టిక్కర్ ఊడినట్టు వచ్చింది.

ముందు జబ్బ తీయడం తేలిక. దానికీ పక్కటెముకలకీ మధ్య ఎముకల కీలు ఉండదు, కండతోనే అతుక్కుని ఉంటుంది. కాలు పైకెత్తి చెట్టుకి తాడుతో కట్టేస్తే, తాడే నా రెండో మనిషి. వెనక తొడకి మాత్రం తుంటి దగ్గర గుండ్రటి కీలు ఉంటుంది. కత్తి మొనతో వెతికి, నరం తెంపితే ‘టప్’మని విడిపోతుంది. ఆ తర్వాత వెన్ను పక్కన పొడుగ్గా ఉండే మెత్తటి కండ, మెడ మాంసం, పక్కటెముకల మీది మాంసం. చివరి పక్కటెముక వెనక నుంచి చెయ్యి దూర్చి, పొట్టని మెల్లగా పక్కకి నెడితే లోపలి మెత్తటి కండ కూడా చేతికొస్తుంది. ఒకవైపు అయ్యాక రెండో వైపుకి తిప్పి మళ్లీ ఇదంతా. అప్పటికి కొంత బరువు పోయి ఉంటుంది కాబట్టి ఒక్కడే తిప్పొచ్చు.

ఒక తొడకి ఆడ జంతువని తెలిపే భాగం కొంచెం అలాగే ఉంచాలి. దారిలో అధికారులు ఆపి చూస్తారు.

ఎనిమిదిన్నరకి తల మీది లైటు వెలుగులో రెండో తొడ కోస్తుంటే కత్తి జారింది. ఎడమ చేతి గ్లవ్ తెగింది, చర్మం మీద సన్నటి గీత పడింది. అంతే. కానీ నా గుండె ఆగినంత పనైంది. ఆస్పత్రి మీకర్‌లో. ట్రక్కు రెండున్నర కిలోమీటర్లు. అదే కొంచెం లోతుగా మణికట్టు మీద దిగి ఉంటే? కత్తి మడిచి పెట్టి, పది నిమిషాలు కూర్చుని, చాక్లెట్ తిని, నీళ్లు తాగాను. ఒంటరిగా చేసేవాళ్లకి ఎలుగుబంటి కంటే పెద్ద ప్రమాదం అలసిపోయిన చేతిలో కత్తే. ఆ తర్వాత ప్రతి కోతకి ముందు ఎడమ చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాకే కోశాను.

తల చివర్లో, వేరే కత్తితో కోశాను. ఇక్కడి జింకల్లో, ఎల్క్‌లలో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే జబ్బుంది. 1967లో మొదటిసారి కనబడింది కూడా కొలరాడోలోనే. మెదడు, వెన్నుపాములకి సంబంధించిన జబ్బు కాబట్టి వాటికి తగిలిన కత్తిని మాంసానికి వాడను. తలని పరీక్షకి ఇస్తే ఫలితం చెప్తారు. జబ్బు ఉందని తేలితే ఆ మాంసం తినకూడదు.

జబ్బలు, తొడలు గాలి ఆడే గుడ్డ సంచుల్లో పెట్టాను. మిగిలిన ఎముకల గూటికి వంద మీటర్ల దూరం లాక్కెళ్లి స్ప్రూస్ కొమ్మలకి తాడుతో వేలాడదీశాను. ఎలుగుబంటి వచ్చినా ముందు పేగుల దగ్గరికే పోతుంది. విడి మాంసం, తల బ్యాగులో వేసుకుని లేచేసరికి పది. పాతిక కిలోలు. ఎలుగుబంట్లకి నా రాక తెలియాలని చిన్నప్పుడు విన్న బతుకమ్మ పాటలన్నీ గొంతెత్తి పాడుతూ నడిచాను. ఫ్లాట్ టాప్స్‌లో అవి వినబడటం బహుశా అదే మొదటిసారి.

పొద్దున చూసిన మొదటి పని

ట్రక్కులో నాలుగు గంటలు పడుకుని వెలుగొచ్చాక బయల్దేరాను. దూరం నుంచే బైనాక్యులర్‌తో చూశాను. ఎముకల గూడు మీద మాగ్‌పైలు కొట్లాడుకుంటున్నాయి. ఒక కొయోటే నన్ను చూసి జారుకుంది. నా సంచులు అలాగే వేలాడుతున్నాయి.

దగ్గరికెళ్లి మొదట చేసిన పని ఒక తొడ దించి, తుంటి కీలు ఉండే చోట వేలు పెట్టి చూడటం. చల్లగా ఉంది. ముక్కు పెట్టి చూశాను. చల్లటి మాంసం వాసన, అంతే. రెండో తొడ కూడా చూశాను. అదీ బాగుంది. అక్కడే గడ్డిలో కూర్చుండిపోయాను.

ఫ్లాట్ టాప్స్ వైల్డర్‌నెస్‌లో బండ్లు నిషేధం. చక్రాలున్న తోపుడు బండి కూడా తీసుకెళ్లకూడదు. ఏదైనా వీపు మీదే. ఒక తొడ, ఇంకో తొడ, రెండు జబ్బలు కలిపి ఒకటి. ముందు రాత్రి నడకతో కలిపి మొత్తం ఏడుసార్లు అదే దారి, పదిహేడున్నర కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడింటికి చివరి సంచి ట్రక్కులో పడేసరికి మోకాళ్లు వణుకుతున్నాయి. అప్పుడు ఆ లోయలో నిలబడ్డ ఎల్క్ గుర్తొచ్చింది. అక్కడి నుంచి ఏడుసార్లు కాదు, ఒక్కసారి కూడా ఎక్కేవాణ్ని కాదు.

ఆరు పోగులు

తల పరీక్షకి ఇచ్చి, మాంసం ఫ్రీజర్‌లో పెట్టి ఫలితం కోసం ఎదురుచూశాను. అన్నాళ్లూ ఒక్క ముక్క ముట్టలేదు. జబ్బు లేదని మెయిల్ వచ్చిన ఆదివారం, నలుగురు స్నేహితుల కుటుంబాలని పిలిచాను. మా ఊళ్లో యాట కోసినప్పుడు చేసినట్టే వంటింటి బల్ల మీద పోగులు వేశాను. తొడ కొంత, జబ్బ కొంత, మెడ కొంత, అన్నీ సమానంగా. అయిదిళ్లకి అయిదు. ఆరోది పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దాయనకి. వయసులో ఉండగా ఆయనా వేటాడేవాడట. సంచి అందుకుని, “ఎంత దూరం మోశావు?” అని మాత్రం అడిగాడు.

అమ్మ వీడియో కాల్‌లో పోగులన్నీ చూసింది.

“తొడ మంచిగుందా?”

“రెండూ మంచిగున్నయమ్మా.”

“సరే. కొవ్వు లేని కూర, తొందరగ గట్టిపడ్తది. కుక్కర్ల రెండు విజిల్స్ ఎక్కువ పెట్టు.”