చక్కెర లేని కుకీ, లెక్కకు రాని రోగి

మధుమేహం మాట వస్తే ఈ దేశంలో పాలకుల నోట ఒకటే ఉపదేశం: జీవనశైలి మార్చుకోండి. ఉదయం నడవండి, వేళకు తినండి, తీపి మానండి. ఉపదేశంలో అబద్ధం లేదు. ఉదయం తన చేతిలో ఉన్నవాడికీ, వేళ తన చెప్పుచేతల్లో ఉన్నవాడికీ అది చక్కగా వర్తిస్తుంది. పన్నెండు గంటలు మరమగ్గం ముందు నిలబడి, ఒక వారం పగలు, మరో వారం రాత్రి పనిచేసే మనిషికి జీవనశైలి అన్నది ఎంపిక కాదు. షిఫ్టు పట్టీలో మరొకరు రాసిపెట్టిన విషయం.

అలాంటి మనుషుల పేట సూరత్ ఆగ్నేయ దిక్కున ఉన్న గోడాదరా. పక్కనే లింబాయత్, పర్వత్ పాటియా, డిండోలీ. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, ఊళ్లో మగ్గం మూలపడ్డాక తరాల కిందటే ఇక్కడికి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చారు. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం బడులు కూడా ఉన్నాయంటే ఈ వలస ఎంత పాతదో, ఎంత పెద్దదో అర్థమవుతుంది. దేశానికి పాలియెస్టర్ చీర కట్టబెట్టే నగరంలో వీరు పెద్ద చెయ్యి. కాని ఎన్నికల లెక్కల్లో మాత్రం ఇక్కడివారికి తెలంగాణవారు, అక్కడివారికి సూరత్‌వారు.

2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందనీ, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారనీ అంచనా కట్టింది. ఒకప్పుడు దొరల జబ్బు అనుకున్నది ఇప్పుడు కూలివాడి ఇంట్లోనూ తిష్ఠ వేసింది. రాత్రి పని శరీరంలోని చక్కెర నియంత్రణను దెబ్బతీస్తుందని వైద్యులు ఎన్నడో చెప్పారు. నిద్ర ఆపుకోవడానికి గంటకో చక్కెర చాయ్, తెల్లారి ఇంటికి చేరాక పళ్లెం నిండా అన్నం. రోగానికి ఇంతకంటే మంచి పెంపకం ఏముంటుంది?

గోడాదరాలోని ఒక తెలుగు ఇంట్లో, టైలరింగ్ చేసుకునే కోడలు ఒకరు ఈ రోగాన్ని తన వంటింటి నుంచి ఎదుర్కోవాలనుకుంది. అత్తగారికి పన్నెండేళ్లుగా షుగర్. పండుగ వచ్చినా, మనవడి పుట్టినరోజు వచ్చినా ఆమె పళ్లెం వేరు. పిల్లలు చాక్లెట్ చిప్ కుకీలు కొని తెచ్చుకుంటే ఆమె చూపు మరోవైపు తిప్పుకునేది. రోగం కంటే ఆ వేరు పళ్లెమే ఆమెను ఎక్కువ కుంగదీసింది. ఇంట్లో అందరూ తినే వస్తువే ఆమె కూడా తినాలన్నది కోడలి పట్టుదల.

కుకీ అన్నది సూరత్‌కు పరాయిది కాదు. 1616లోనే ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్న డచ్చివారి రొట్టె పొయ్యి, వారు వెళ్లిపోయాక ఒక పార్సీ కుటుంబం చేతికి వచ్చిందనీ, ఆ పొయ్యి నుంచే నాన్‌ఖటాయి పుట్టిందనీ నగరం చెప్పుకుంటుంది. 1861 నాటి దోతీవాలా బేకరీ ఈనాటికీ ఉంది. చాక్లెట్ ముక్కల కుకీ మాత్రం అమెరికా సంతానం; 1930లలో మసాచుసెట్స్‌లోని టోల్ హౌస్ ఇన్‌లో రూత్ వేక్‌ఫీల్డ్ చేసిన వంటకం. రెండింటి మూలసూత్రం ఒకటే: మైదా, చక్కెర, కొవ్వు. మధుమేహానికి సరిపడనివి వాటిలో మొదటి రెండూ.

ఆ రెండింటినీ తీసేస్తే ఏం మిగులుతుందన్నదే ప్రశ్న. చక్కెరకు బదులు బెల్లం వేయడం ఆత్మవంచన. బెల్లంలోనూ అధిక భాగం చక్కెరే. ఖర్జూరం, తేనె కూడా రక్తంలో చక్కెరను పెంచేవే. ఆస్పర్టేమ్ పొయ్యి వేడికి తీపి కోల్పోతుంది. కోడలు చివరకు ఎంచుకున్నది ఎరిథ్రిటాల్. వేడికి తట్టుకుంటుంది, రక్తంలో చక్కెరను దాదాపుగా పెంచదు, చక్కెర తీపిలో సుమారు 70 శాతం తీపి ఇస్తుంది. లోపాలూ ఉన్నాయి. చక్కెరలాగా ఎర్రబడదు, నాలుక మీద చల్లగా తగులుతుంది. 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనం, రక్తంలో ఎరిథ్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని చెప్పింది. కారణం అదేనని అందులో రుజువు కాలేదు. అయినా రోజూ గుప్పెడు తినే వస్తువు కాదని గ్రహించడానికి అది చాలు.

మైదా స్థానంలో వచ్చినవి పాత తెలంగాణ సరుకులే: పల్లీలు, జొన్నలు. వేయించి పొట్టు తీసిన పల్లీల పొడి 100 గ్రాములు, జొన్నపిండి 60, వెన్న 60, ఎరిథ్రిటాల్ 50, కోడిగుడ్డు ఒకటి, పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, కాస్త వెనీలా, 70 శాతం కోకో ఉన్న చాక్లెట్ 50 గ్రాములు చిన్న ముక్కలుగా తరిగి. పల్లీలను మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి. ఒకేసారి తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు గనుక పిండిని అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత పదహారు బిళ్లలు చేయాలి. ఓవెన్ ఉంటే 170 డిగ్రీల దగ్గర పన్నెండు, పధ్నాలుగు నిమిషాలు. ఆ ఇంట్లో ఓవెన్ లేదు. పాత కుక్కర్‌లో ఉప్పు పరిచి, రబ్బరూ విజిలూ తీసేసి, పది నిమిషాలు కాగనిచ్చి, స్టాండు మీద పళ్లెం పెట్టి సన్నని సెగన కాల్చారు. దించిన వెంటనే ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది, చల్లారితేనే గట్టిపడుతుంది. మొదటి రెండు వాయిలూ అలాగే పాడయ్యాయి.

మూడో వాయి పళ్లెంలోకి వచ్చినప్పుడు పెద్దావిడ అడిగింది: “గిది నాకేనా బిడ్డా? పోరగాండ్లకు వేరే చేసినవా?”

“అందరికీ ఒక్కటే అత్తమ్మా.”

లెక్క కడితే ఒక్కో కుకీలో పిండిపదార్థం సుమారు 5 గ్రాములు. బేకరీలో దొరికే మామూలు కుకీ ఒకదానిలో దాదాపు అంతకు మూడింతలు ఉంటుంది. కాని ఇందులో ఒక్కోదానికి 100 కెలోరీల దాకా ఉంటాయి. పల్లీ, వెన్న ఊరికే రావు. ఒకటి తింటే ఆహారం, ఆరు తింటే అపచారం. తిన్న రెండు గంటలకు గ్లూకోమీటర్‌లో చూసుకోవడమే అసలు తీర్పు. మరో ముఖ్య విషయం: ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారికి రాత్రి పనిలో చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు పట్టి, చేతులు వణికితే ఈ కుకీ ఆదుకోదు. అప్పుడు కావలసింది అసలు చక్కెరే. సుమారు 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాలి.

ఒక వంటింట్లో ఇంత జాగ్రత్త ఉంటే, బజారులో ఎంత ఉంది? 100 గ్రాములలో చక్కెర అర గ్రాముకు మించకపోతే “షుగర్ ఫ్రీ” అని రాసుకోవచ్చని 2018 నిబంధనలు చెబుతున్నాయి. మైదా ఎంతైనా ఉండవచ్చు. మైదా కడుపులో చేరి గ్లూకోజే అవుతుందని ఆ రెండు మాటలు చెప్పవు. తీపి కోసం మాల్టిటాల్ వేస్తే అది కూడా రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది. అక్షరం ప్రకారం నిజం, అర్థం ప్రకారం మోసం. చిలీ దేశం 2016 నుంచి చక్కెర, ఉప్పు, కొవ్వు మితిమీరిన పొట్లాల మీద నల్లని అష్టభుజి ముద్ర వేయిస్తోంది. మన ఆహార భద్రతా సంస్థ 2022 సెప్టెంబరులో హెచ్చరికకు బదులు నక్షత్రాల ముసాయిదా తెచ్చింది. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుని మూడు నెలల్లో నిపుణుల సిఫారసులు తేల్చమనవలసి వచ్చింది. అమ్మేవాడికి మెతక, కొనేవాడికి ఉపదేశం: ఇదీ ఈ విధానం తీరు.

పన్నుల సంగతీ అంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్లూకోమీటర్, దాని పట్టీలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. సంతోషించవలసినదే. అదే రోజున బిస్కెట్లు, కేకులు, చాక్లెట్లపై పన్ను 18 నుంచి 5కు దిగింది. రోగాన్ని కొలిచే పట్టీకీ, రోగానికి దోవ తీసే పొట్లానికీ ఇప్పుడు ఒకటే పన్ను. ఈ సమానత్వాన్ని ఏ ఆర్థికవేత్త సమర్థిస్తాడు?

అంతకంటే లోతైన ప్రశ్న ధాన్యానిది. తెలంగాణ మెట్ట పల్లెల్లో ఒకప్పుడు జొన్నరొట్టె, జొన్నగటక నిత్యాహారం. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది. ఆ మేలును కాదనరాదు. కాని ఆ తర్వాత ప్రతి ప్రభుత్వమూ బియ్యంతోనే పేదవాడిని పలకరించింది. 2025 ఉగాదికి సన్నబియ్యం వచ్చింది. 2013 ఆహార భద్రతా చట్టం ముతక ధాన్యాన్ని కిలో రూపాయికే ఇవ్వవచ్చని రాసింది. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి చేత ప్రకటింపజేసినదీ మన దేశమే. విదేశీ అతిథుల విందు బల్లల మీద చిరుధాన్యం వెలిగింది. మగ్గం కార్మికుడి సంచిలోకి మాత్రం అది రాలేదు. బజారులో జొన్నపిండి కొనాల్సినవాడికీ, బియ్యం ఉచితంగా దొరికేవాడికీ మధ్య ఏ ఆహార నియమం నిలుస్తుంది? ఆ ఇద్దరూ ఒకే మనిషి.

ఈఎస్ఐ నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు వైద్యం ఇస్తుంది. కాని పీసు లెక్కన పనిచేసే మరమగ్గం కార్మికులలో చాలామంది పేరు ఏ రిజిస్టరులోనూ లేదు. ముప్పై ఏళ్లు దాటినవారందరికీ మధుమేహ పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమం ఉంది. ఆ కేంద్రం తెరిచి ఉండే వేళ, పగటి షిఫ్టు వేళ ఒకటే. రాత్రి షిఫ్టు దిగినవాడు ఆ వేళకు నిద్రపోతుంటాడు. అందుకే చాలామందికి రోగం కాలి పుండు రూపంలోనో, మసకబారిన చూపు రూపంలోనో మొదట తెలుస్తుంది.

పల్లీ, జొన్న, కాస్త నల్ల చాక్లెట్‌తో ఒక కోడలు చేయగలిగింది చేసింది. ఒక పెద్దావిడను మళ్లీ కుటుంబ పంక్తిలో కూర్చోబెట్టింది. అది చిన్న విజయం కాదు. కాని ఆ వంటకాన్ని చూపి “చూశారా, మనసుంటే మార్గముంటుంది” అని పాలకులు చేతులు దులుపుకుంటే అంతకంటే అన్యాయం ఉండదు. పొట్లం మీద నిజం రాయించడం, చౌకదుకాణంలో జొన్నలు పెట్టించడం, సాయంత్రమూ పరీక్షా కేంద్రం తెరిపించడం, మగ్గం మనిషి పేరు రిజిస్టరుకెక్కించడం ఏ కోడలి వంటింట్లోనూ జరిగే పనులు కావు. వాటికోసం ఓటు అడిగినవారే వాటికి జవాబుదారులు.