నీళ్ల కింద జారుముడి

మాది పల్నాడు జిల్లా రాజుపాలెం. ఈత నేర్చుకున్నది ఊరి బావిలో. ఇప్పుడు సియాటెల్‌లో కోడింగ్, వీకెండ్ వస్తే స్కూబా డైవింగ్.

ఇక్కడి సముద్రం మన వైజాగ్‌లా ఉండదు. చలికాలంలో నీళ్లు 8 డిగ్రీలకు దగ్గర్లో ఉంటాయి. 5 మిల్లీమీటర్ల గ్లోవ్స్ లేకపోతే వేళ్లు కొంకర్లు పోతాయి. వేసుకుంటే చేతిలో ఏముందో తెలియదు.

పోయిన జనవరిలో అల్కీ బీచ్ దగ్గర దిగా. గాలి ఎంత మిగిలిందో చూద్దామంటే, గేజ్‌ని నడుం దగ్గర పట్టి ఉంచిన క్లిప్ ఎంతకీ ఊడదే! దాని బుడిపె పెసరగింజంత. గ్లోవ్‌కి తగలడమే లేదు. చివరికి నా డైవింగ్ బడ్డీ వచ్చి తీశాడు. 3000తో దిగినవాణ్ని, చూస్తే 700 పీఎస్ఐ. గుండె ఝల్లుమంది. డైవ్ అక్కడితో ఆపేసి ఇద్దరం పైకొచ్చేశాం.

ఆ రాత్రి వీడియో కాల్‌లో తాతయ్యకి చెప్పా. "గొడ్డు పలుపుకి జారుముడి ఎందుకేస్తామో తెలుసంట్రా? పాక అంటుకుంటే ఒక్క లాగుకి ఊడాలి. కట్టేటప్పుడే విప్పేది చూసుకోవాలి" అన్నాడు.

మర్నాడు షాపుకి గ్లోవ్స్ పట్టుకెళ్లా. అవి వేసుకుని, కళ్లు మూసుకుని ఒక్కో క్లిప్పూ తీసి పెట్టి చూశా. పెద్ద బుడిపె, వెనక వేలు పట్టేంత రింగు ఉన్న స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్ట్ స్నాప్ గెలిచింది. నొక్కితే తెరుచుకునే కారాబైనర్ రకం ఇంకా ఈజీనే. కానీ నీళ్లలో ఏ తాడు ఒరుసుకున్నా దానంతటదే పట్టేసుకుంటుంది. అందుకే డైవర్లు దాన్ని 'సూసైడ్ క్లిప్' అంటారు. కొత్త క్లిప్‌ని గేజ్‌కి నైలాన్ తాడుతో కట్టా. మొరాయిస్తే కత్తితో కోసేయొచ్చు.

ఇంట్లో ఐసు బకెట్‌లో చేతులు ముంచి మళ్లీ ప్రాక్టీస్. రూమ్మేట్ ఒకటే నవ్వు. నవ్వనీ. ప్రొడక్షన్‌లో టెస్టింగ్ చెయ్యొద్దని ఆఫీసులో రోజూ చెప్పేవాణ్ని, ఆ రోజు నీళ్ల కింద నేను చేసింది అదే కదా!