ఆవిరి ఊళ్ళో ఇడ్లీ పాఠం

జూలై స్కూలు సెలవుల్లో రోటోరువా వెళ్దామనగానే మా ఇంట్లో తలా ఒక మాట అన్నారు. "ఆ కుళ్ళిన కోడిగుడ్ల వాసన నావల్ల కాదు" అంది మా ఆవిడ. "ఉడికే బురద చూడొచ్చు!" అని ఏడేళ్ళ మా అబ్బాయి ఎగిరి గంతేశాడు. తెనాలి నుంచి వచ్చి రెండు నెలలుగా ఆక్లాండ్ చలికి దుప్పటి వదలని మా అమ్మ, "వేడినీళ్ళ ఊరైతే నేనూ వస్తా" అని అందరికంటే ముందే శాలువా కప్పుకుని తయారైంది. పదకొండేళ్ళ మా అమ్మాయి మాత్రం ఏమీ అనలేదు. ఒక చిన్న గిన్నెను పాత తువ్వాలులో చుట్టి తన బ్యాగులో పెట్టుకుంది.

ఆ గిన్నె సంగతి చెప్పకుండా ఈ ప్రయాణం గురించి రాయలేను.

2023 ఉగాది వేడుకకు వడ్డన ఏర్పాట్లు నావే. మీలో చాలామంది వచ్చారు, గుర్తుండే ఉంటుంది. పచ్చడికీ పులిహోరకీ మొక్కజొన్న ప్లాస్టిక్‌తో చేసిన గిన్నెలు, నాలుగు డాలర్లు ఎక్కువైనా ఫరవాలేదని తెప్పించాను. అంతటితో ఊరుకోకుండా మైకు పట్టుకుని, "ఇవి మొక్కల నుంచి వచ్చాయి, మట్టిలోనే కలిసిపోతాయి, నిశ్చింతగా పారేయండి" అని చెప్పాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఇంటికొచ్చాక మా అమ్మాయి ఒక పచ్చడి గిన్నెను పెరట్లో గోంగూర మడిలో పాతిపెట్టింది. తర్వాత అందరం మరిచిపోయాం. రెండేళ్ళు దాటాక, ఈ 2025 జూన్‌లో మడి తవ్వుతుంటే అది పారకు తగిలింది. కడిగి చూస్తే మళ్ళీ పచ్చడి పోసి ఇవ్వొచ్చు. అలా ఉంది.

"నాన్నా, నువ్వు స్టేజి మీద చెప్పింది తప్పు కదా?" అంది.

కంప్యూటర్ల చదువు చదివిన నా దగ్గర దానికి జవాబు లేదు. వెతుక్కుంటూ పోతే దారి రోటోరువాకే చేరింది. మొక్కల ప్లాస్టిక్‌తో థర్మోకోల్ లాంటి వస్తువులు పోతపోసే ఒక పద్ధతి రూపుదిద్దుకున్నది ఆ ఊళ్ళోనే.

ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు

ఆక్లాండ్ నుంచి మూడు గంటల ప్రయాణం. దారిలో తీరౌ దగ్గర ముడతల రేకులతో కట్టిన కుక్క బొమ్మ భవనం ముందు ఫోటోలు తప్పవు కదా, తీసుకున్నాం. ఊరు సమీపిస్తుండగానే వాసన పలకరించింది. పేవ్‌మెంట్ పక్కన, పార్కు కంచె వెనక, ఎక్కడ చూసినా భూమిలోంచి ఆవిరి లేస్తోంది. చలికాలం కాబట్టి మరీ తెల్లగా, ఒత్తుగా కనిపించింది. "ఊరంతా ఇడ్లీ పాత్ర మూత తీసినట్టుందిరా" అంది అమ్మ.

ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు.

ఫాకరెవరెవా లోయలో మావోరీలు తరతరాలుగా ఈ ఆవిరి మీదే వంట చేసుకుంటున్నారు. నేలలో ఆవిరి వచ్చేచోట చెక్కపెట్టె అమర్చి, మాంసం, దుంపలు, మొక్కజొన్న కండెలు లోపల పెట్టి మూత వేస్తారు. పొయ్యి లేదు, కట్టెలు లేవు. అమ్మ వంగి వంగి చూసి, "గ్యాసు బండ ఖర్చు లేదు, అదృష్టవంతులు" అంది. పక్కనే పోహుతు అనే వేడినీటి ఊట రోజుకు ఎన్నోసార్లు పైకి చిమ్ముతుంది. ఒక్కోసారి ముప్పై మీటర్ల ఎత్తుకు లేస్తుందట. మా అబ్బాయి నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

థర్మోకోల్ ఎలా పుడుతుంది?

ఈ ఆవిరికీ థర్మోకోల్‌కీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. కొన్నేళ్ళ క్రితం ఒక థర్మోకోల్ కార్ఖానాలో స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వెళ్ళాను. అక్కడ చూసింది పిల్లలకు చెప్పాను.

ముడిసరుకు పంచదార పలుకుల్లా ఉంటుంది. అది పాలీస్టైరీన్, పెట్రోలియం నుంచి వచ్చేది. ఒక్కో పలుకులో పెంటేన్ అనే వాయువు దాగి ఉంటుంది. ఆవిరి తగలగానే పలుకు మెత్తబడి, లోపలి వాయువు వ్యాకోచించి, మరమరాలు పేలినట్టు నలభై రెట్ల దాకా ఉబ్బుతుంది. ఉబ్బిన గుళికలను పెద్ద పెద్ద గుడ్డ సంచుల్లో కొన్ని గంటలు ఆరనిస్తారు. తర్వాత అల్యూమినియం అచ్చులోకి ఊది, మళ్ళీ ఆవిరి వదులుతారు. గుళికలు ఇంకాస్త ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. నీళ్ళతో చల్లార్చి అచ్చు తెరిస్తే చేపల పెట్టె, టీవీ మూలలకు పెట్టే దిమ్మ తయారు! అందులో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు గాలే. అందుకే అంత తేలిక.

"బొరుగుల ఉండలు, ఇడ్లీ రేకులు కలిపారన్నమాట" అని అమ్మ తేల్చేసింది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

ఆ కార్ఖానాలో నాకు మా తెనాలి ఇంటి అటక గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మొదటి కలర్ టీవీ వచ్చినప్పుడు, పెట్టెలోని థర్మోకోల్ దిమ్మలను అమ్మ పారేయనివ్వలేదు. నా స్కూలు ప్రాజెక్టులన్నీ వాటితోనే. మా అక్క పెళ్ళి మంటపం మీద పేర్లు కూడా థర్మోకోల్ అక్షరాలే. టీవీ ఎప్పుడో పోయింది. మొన్న వెళ్ళినప్పుడు చూస్తే, ఎలుకలు కొరికిన అంచులతో ఒక దిమ్మ ఇంకా అటక మీదే ఉంది. భారతదేశంలో అలంకరణకు థర్మోకోల్ వాడకాన్ని 2022 జూలై 1 నుంచి నిషేధించారు. న్యూజీలాండ్‌లో పాలీస్టైరీన్ టేక్‌అవే డబ్బాలను అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఆపేశారు.

చెట్ల నీడలో

1901లో నాటిన కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్ల అడవి పక్కనే సయాన్ పరిశోధన సంస్థ ఆవరణ ఉంది. 1947లో అటవీ పరిశోధన సంస్థగా మొదలైంది. 2025 జూలై 1న మరికొన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థలతో కలిసిపోయింది. 2021లో తెరిచిన ముందు భవనం మొత్తం చెక్క దూలాల అల్లికే. లోపలికి అడుగుపెడితే పెద్ద బుట్టలో నిలబడ్డట్టుంటుంది. ప్రయోగశాలలు మనం చూసేవి కావు. కింది అంతస్తులో కాఫీ తాగుతూ మిగతా కథ చెప్పాను.

సయాన్, మరి కొన్ని ప్రభుత్వ పరిశోధన సంస్థలు కలిసి పెట్టుకున్న బయోపాలిమర్ నెట్‌వర్క్ అనే ఉమ్మడి సంస్థ తయారుచేసిన నురగ పేరు జీలాఫోమ్. దాని ముడిసరుకు పాలీలాక్టిక్ ఆసిడ్. మొక్కజొన్న పిండిని చక్కెరగా మార్చి, సూక్ష్మజీవులతో పులియబెడితే లాక్టిక్ ఆసిడ్ వస్తుంది. ఆ అణువులను గొలుసుకట్టుగా కలిపితే ప్లాస్టిక్.

"లాక్టిక్ ఆసిడ్ అంటే?" అంది అమ్మ.

"నువ్వు పాలు తోడేస్తే పెరుగులో వచ్చే పులుపు అదేనమ్మా. ఇడ్లీ పిండి పులుపులోనూ అదే."

అమ్మ కళ్ళజోడు సర్దుకుని, ఈసారి శ్రద్ధగా వినడం మొదలుపెట్టింది.

ఇందులో పెంటేన్ బదులు కార్బన్ డయాక్సైడ్ వాడతారు. మన సోడాలో బుడగలు అవే. ఎక్కువ ఒత్తిడిలో దాన్ని గుళికల్లోకి ఎక్కిస్తారు. ఆ వాయువు తొందరగా జారుకుంటుంది కాబట్టి గుళికలను చల్లగా ఉంచి, తర్వాత వేడి తగిలించి ఉబ్బిస్తారు. ఆ పైన పాత థర్మోకోల్ యంత్రాల్లోనే ఆవిరితో అచ్చు పోయవచ్చు. ఇదే పెద్ద సౌకర్యం. చిక్కు కూడా ఉంది. ఈ ప్లాస్టిక్ అరవై డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఆవిరి ఎక్కువైతే కుంగిపోతుంది, తక్కువైతే గుళికలు అతుక్కోవు.

"ఇడ్లీ అంతేగా" అంది అమ్మ.

గిన్నె ఎందుకు కరగలేదు?

అప్పుడు మా అమ్మాయి బ్యాగులోంచి గిన్నె తీసి బల్ల మీద పెట్టింది. "మరి ఇది?"

ఇదీ ఆ పదార్థమే, నురగ కాదు, అంతే. మట్టిలో కలవడం అబద్ధం కాదు. అయితే దానికి దాదాపు అరవై డిగ్రీల వేడి, తేమ, సూక్ష్మజీవులు, కొన్ని వారాలు కావాలి. పెద్ద కంపోస్టు కేంద్రాల్లో ఆ వేడి ఉంటుంది. ఆక్లాండ్ పెరటి చల్లటి మట్టిలో ఎక్కడుంటుంది?

"అయితే ఇక్కడ పాతిపెడదాం! ఇక్కడ నేల వేడిగా ఉందిగా!" అన్నాడు మా అబ్బాయి. ఆలోచన బాగానే ఉంది. కానీ అది వాళ్ళ వంటిల్లు, వాళ్ళ పూర్వీకుల నేల, మన చెత్త వేయకూడదని చెప్పాను.

ఆక్లాండ్‌లో 2023 నుంచి ఇంటింటా సేకరిస్తున్న వంటింటి చెత్త రోటోరువాకు దక్షిణాన ఉన్న రెపొరోవాకే వస్తుంది. దాన్ని పులియబెట్టి గ్యాసు, ఎరువు చేస్తారు. ఆ డబ్బాలో కంపోస్టబుల్ అని రాసున్న ప్యాకింగ్ కూడా వేయకూడదు. అంటే ఆ ఉగాది గిన్నెలన్నీ నేరుగా చెత్తగుట్టకే పోయాయి. 2023 జూలై 1న ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గిన్నెలను నిషేధించినప్పుడు, మొక్కల ప్లాస్టిక్‌వీ అందులో చేర్చారు. ఎందుకో నాకు ఇప్పుడు అర్థమైంది. దేనితో చేశామన్నది సగం కథే. వాడాక ఎక్కడికి పోతుందన్నది మిగతా సగం. చేపల పెట్టెల్లాంటివి ఒకచోట పోగయ్యేవి. తిరిగి తీసుకుని కంపోస్టు కేంద్రానికి చేర్చే ఏర్పాటుంటే అక్కడ ఈ నురగ ఎంతో మేలు. ఏర్పాటు లేకుండా మైకు పట్టుకుంటే నాలాగే అవుతుంది.

తిరుగు ప్రయాణంలో పిల్లలకు ఇంకో సంగతి చెప్పాను. ఒకప్పుడు రోటోరువాలో ఇళ్ళకూ హోటళ్ళకూ బోర్లు వేసి ఆవిరి తెగ తోడేశారు. ఊటలు నీరసించాయి. 1980ల్లో ప్రభుత్వం పోహుతుకు ఒకటిన్నర కిలోమీటరు లోపలి బోర్లను మూయించాక మళ్ళీ పుంజుకున్నాయి. తప్పని తెలిశాక సరిచేసుకోవచ్చన్నమాట.

అందుకే ఈ నాలుగు మాటలు. ఆ రోజు స్టేజి మీద నేను చెప్పింది తప్పు. ఈ దీపావళికి స్టీలు పళ్ళేలు తెస్తున్నాం. కడగడానికి నా పేరు ముందే రాసుకున్నాను, తోడు ఎవరొస్తారో చెప్పండి.

ఆ గిన్నెను ఇంటికి తెచ్చాక అమ్మ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత గట్టిదాన్ని ఒక్క పూటకే ఎందుకు పారేశార్రా?" అంది. ఇప్పుడది మా పోపులపెట్టె పక్కన ఉంది. అందులో ఆవాలు పోసుకుంది.